లెక్క తెలుసు, గీత రావడం లేదు: నా బొమ్మలో బల్ల జారుడుబల్ల ఎందుకవుతోంది?

సుద్దముక్క:

నమస్కారం. పదో తరగతికి లెక్కలు చెప్పడం నా వృత్తి. ఇరవై రెండేళ్లుగా సరూప త్రిభుజాలు బోర్డు మీద గీస్తున్నాను. నిద్రలో లేపి అడిగినా నిరూపణ తడుముకోను. ఆ ధైర్యంతోనే ఎనిమిది నెలల కిందట బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. ముఖాలూ చెట్లూ నా వల్ల కావని ముందే తెలుసు. పర్‌స్పెక్టివ్ (దూరం వెళ్లిన కొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించేలా గీసే పద్ధతి) అంటే జ్యామితే కాబట్టి అదొక్కటైనా నల్లేరు మీద నడక అనుకున్నాను. నడక మాట దేవుడెరుగు, కాలు పెట్టిన చోటల్లా జారుతోంది.

నా అవస్థ రెండు రకాలు. ఒకటి, స్కేలు పట్టుకుని నియమం ప్రకారం గీసినప్పుడు వచ్చేది. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, పై అంచుకు మూడు సెంటీమీటర్ల కింద క్షితిజ రేఖ, అంటే కంటి మట్టాన్ని చూపే అడ్డగీత, గీస్తాను. దాని రెండు కొసల్లో రెండు వానిషింగ్ పాయింట్లు (దూరంగా పోయే సమాంతర అంచులు బొమ్మలో కలిసే బిందువులు) పెడతాను. నడుమ ఒక నిలువు గీత, దాని పై కొన నుంచీ కింది కొన నుంచీ ఆ పాయింట్లకు గీతలు. పెట్టె తయారవుతుంది. క్షితిజ రేఖకు దగ్గరగా ఉన్న చిన్న పెట్టెలు బాగానే ఉంటాయి. కాగితం అడుగుకు వచ్చేసరికి మాత్రం ముందు మూల పడవ ముక్కులా వాడిగా పొడుచుకు వస్తుంది. ప్రతి గీతా చేరవలసిన చోటికే చేరుతోంది. స్కేలు పెట్టి మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు. పెట్టె మాత్రం పెట్టెలా లేదు.

రెండోది, ఎదురుగా ఉన్నది చూసి గీసినప్పుడు వచ్చేది. మా గదిలో రాసుకునే బల్ల ఉంది. దానికి ఎదురుగా, రెండు మీటర్ల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆ బల్లనూ, దాని మీదున్న నాలుగు పుస్తకాలనూ గీశాను. ఒకటిన్నర గంట పట్టింది. బల్ల పక్క అంచులు రెండూ ఒకే బిందువు దగ్గర కలుస్తున్నాయి, అది కూడా సరిచూశాను. మా అబ్బాయి వచ్చి చూసి, “అమ్మా, పుస్తకాలకు జిగురు రాశావా? లేకపోతే జారి కింద పడాలి కదా!” అన్నాడు. వాడన్నది నిజం. బల్ల మన వైపు వాలినట్టే ఉంది. ఎక్కడ వాలిందో చెప్పమంటే నాకు తెలియదు.

ఇంకో చిన్న సందేహం కూడా ఉంది. బడి వరండా గీస్తూ దూరంగా నిలబడ్డ పిల్లలను వేస్తే కొందరు గుంటలో దిగినట్టు, కొందరు గాలిలో తేలుతున్నట్టు వస్తున్నారు. దూరం వెళ్లిన కొద్దీ చిన్నగా వేయాలని తెలుసు. ఎంత చిన్నగా అన్నది అంచనాతో వేస్తున్నాను.

తప్పు నా చేతిదా, కంటిదా? నియమం తెలిసినంత మాత్రాన బొమ్మ రాదని దయచేసి చెప్పకండి. అది ఈ ఎనిమిది నెలల్లో నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

గీతలపోగు:

నేను యానిమేషన్ చదువుకుంటున్నానండి. మాకు మొదటి సెమిస్టరంతా పెట్టెలే. రోజుకు పది పెట్టెలు చొప్పున, స్కేలు లేకుండా, రబ్బరు వాడకుండా గీయండి. రెండు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది. మొదట్లో అందరివీ వంకరగానే వస్తాయి, కంగారు పడకండి.

సుద్దముక్క:

సలహాకు కృతజ్ఞతలు బాబూ. చెప్పడం మరిచాను, ఇప్పటికి నూట నలభై పెట్టెలు గీశాను, తేదీలు కూడా వేసుకున్నాను. మొదటి పెట్టెకూ నూట నలభయ్యో పెట్టెకూ గీత శుభ్రతలో తేడా ఉంది. ముక్కు వాడితనంలో లేదు. ఒకే తప్పు లెక్కను నూట నలభై సార్లు చేసిన పిల్లవాడికి నేనైతే నూట నలభై ఒకటోది ఇవ్వను.

పాత టీ-స్క్వేర్:

టీచరుగారూ, మీ పెట్టెలో తప్పు లేదు. అది ఎక్కడి నుంచి చూడాలో అక్కడి నుంచి మీరు చూడటం లేదు. వివరంగా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. అందులో సగం కాలం కంప్యూటర్ లేదు, బోర్డూ టీ-స్క్వేరూ సెట్‌స్క్వేర్లే. యంత్ర భాగాలకు మేము వేసే బొమ్మల్లో సమాంతర గీతలు సమాంతరంగానే ఉంటాయి, ఎక్కడా కలవవు. కలిస్తే ఉద్యోగం పోయేది. అప్పుడప్పుడు భవనాల పని వచ్చి, కొనేవాళ్లకు చూపించడానికి పర్‌స్పెక్టివ్ వేయమనేవారు. నేను మొదట వేసిన భవనం అచ్చం మీ పెట్టెలాగే ఓడ ముందు భాగంలా వచ్చింది. మా పెద్దాయన దాన్ని చూసి ఏమీ అనలేదు. లేచి వెళ్లి పక్క బల్లకు ఒక మేకు కొట్టి, దానికి దారం కట్టి, దారం రెండో కొస నా బోర్డు మీదికి లాగారు. “నీ పాయింటు అక్కడుంది, ఇక్కడ కాదు” అన్నారు. ఆ మేకు నా కాగితం అంచుకు దాదాపు మీటరు దూరంలో ఉంది.

ఇప్పుడు మీ విషయం. పెట్టె పక్కలు రెండూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. కాబట్టి చూసేవాడి కన్ను నుంచి రెండు వానిషింగ్ పాయింట్లకు గీతలు గీస్తే వాటి మధ్య కోణం తొంభై డిగ్రీలు ఉండి తీరాలి. మీ రెండు పాయింట్లూ ఏ4 కాగితంలోనే ఉన్నాయి, అంటే వాటి మధ్య దూరం మహా అయితే 28 సెంటీమీటర్లు. ఆ 28ని కర్ణంగా పెట్టుకుని లంబకోణ త్రిభుజం గీయండి. కన్ను లంబకోణం దగ్గర ఉంటుంది. కాగితానికీ కంటికీ ఎంత దూరం వస్తుందో మీరే చెప్పండి. అది మీ శాఖ.

ఇంకో గుర్తు కూడా ఉంది. రెండు పాయింట్లను కలిపే గీత వ్యాసంగా ఒక వృత్తం గీసుకోండి. నేల మీద పెట్టిన పెట్టె పై ముఖం ముందు మూల ఆ వృత్తం లోపల ఉన్నంతవరకు బొమ్మ కంటికి ఇంపుగా ఉంటుంది. బయటికి వెళ్లిందా, ముక్కు వాడిగా వస్తుంది. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు, కానీ ఎప్పుడూ తప్పలేదు.

బల్ల సంగతి వేరు. దానికి అద్దం వైద్యం చేయాలి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఒకటి తీసుకుని, ఖాళీ ఫొటో ఫ్రేముకు టేపుతో బిగించండి. మీరు గీసేటప్పుడు కూర్చున్న చోటే కూర్చుని, కంటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఆ ఫ్రేమును నిలువుగా నిలబెట్టండి. గడ్డం కింద పుస్తకాల దొంతర పెట్టుకోండి, తల కదలకూడదు. ఒక కన్ను మూసి, షీటు మీద మార్కర్ పెన్నుతో బల్ల పైభాగం అంచులను ఉన్నవి ఉన్నట్టు దిద్దండి. తరువాత దాన్ని మీ బొమ్మ పక్కన పెట్టి కొలవండి. కొలిచాక ఇక్కడికి వచ్చి చెప్పండి.

వరండాలో పిల్లల సంగతి అన్నిటికంటే సులువు. నేల చదునుగా ఉండి, మీరు నిలబడి గీస్తుంటే, మీ అంత ఎత్తున్నవాళ్లు ఎంత దూరంలో ఉన్నా అందరి కళ్లూ క్షితిజ రేఖ మీదే ఉంటాయి. పాదాలు మాత్రమే పైకి జరుగుతూ వస్తాయి. కూర్చుని గీస్తుంటే ఆ రేఖ అందరినీ ఛాతీ దగ్గరో మెడ దగ్గరో ఒకే చోట కోస్తుంది. ముందు పాదాలు ఎక్కడో పెట్టండి, ఆ రేఖ దాకా ఎత్తు చూడండి, మనిషి పొడవు దానంతట అదే వస్తుంది. అంచనా అవసరం లేదు.

మసకఫొటో:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఫోనులో ఫొటో తీసి దాని మీద దిద్దితే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. నేను ఏడాది ఆ పని చేశాను. గది ఇరుకుగా ఉంటే దగ్గర నిలబడి తీస్తాం. బల్ల ముందు మూల కొండంత, వెనుక మూల గోరంత వస్తుంది. దాన్నే నమ్మి గీస్తే కన్ను చెడిపోతుంది. దోషం లెన్సుది కాదు, మనం నిలబడ్డ చోటుది. వెనక్కు వెళ్లి, జూమ్ చేసి తీస్తే అదే ఫోను అదే బల్లను మర్యాదగా చూపిస్తుంది.

సుద్దముక్క:

నిన్న రాత్రి పదకొండున్నర దాకా ఇదే పని. మా ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. గడ్డం కింద నిఘంటువులు రెండు పెట్టుకుని, ఒక కన్ను మూసుకున్న మనిషిని ఏమడుగుతారు!

ముందు బల్ల. అసలు బల్ల 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 75 ఎత్తు. కూర్చుంటే నా కన్ను నేలకు 120 ఎత్తున ఉంటుంది, అంటే బల్ల పైభాగానికి 45 పైన. ముందు అంచు నాకు 200 సెంటీమీటర్ల దూరం, వెనుక అంచు 260. షీటు మీద ముందు అంచు 24 సెంటీమీటర్లు వచ్చింది. నేను కాగితం మీద గీసినదీ 24. ఇంతవరకు ఎంతో గర్వపడ్డాను. ఇక లోతు, అంటే ముందు అంచుకూ వెనుక అంచుకూ మధ్య దూరం: నా బొమ్మలో 7 సెంటీమీటర్లు. షీటు మీద 2.

మళ్లీ కొలిచాను. రెండు సెంటీమీటర్లే. నమ్మకం కలగక లెక్క వేశాను. ముందు అంచు క్షితిజ రేఖకు 45 × 40 ÷ 200, అంటే 9 సెంటీమీటర్ల కింద ఉండాలి. వెనుక అంచు 45 × 40 ÷ 260, సుమారు 6.9. తేడా 2.1. మార్కర్ పెన్ను గీత మందం తీసేస్తే షీటూ లెక్కా ఒకే మాట చెబుతున్నాయి. పొడవులో సగం వెడల్పు ఉన్న బల్ల, నేను కూర్చున్న చోటి నుంచి పొడవులో పదో వంతు వెడల్పు కూడా లేకుండా కనిపిస్తోంది. ఒకటిన్నర గంట ఆ బల్లనే చూస్తూ కూర్చున్నాను. ఆ రెండు సెంటీమీటర్ల పట్టీ నా ఎదురుగానే ఉంది. దాన్ని నేను చూడలేదు. బల్ల వెడల్పు 60 అని నాకు తెలుసు. రోజూ దాని మీద కాగితాలు దిద్దుతాను, చివరిదాకా చేయి చాపి తుడుస్తాను. చేయి ఆ తెలిసినదాన్నే గీసింది.

ఆ తరువాత లెక్కను తిరగేశాను, ఉపాధ్యాయ వృత్తి అలవాటు. బల్ల లోతు 7 సెంటీమీటర్లు కనిపించాలంటే నా కన్ను ఎంత ఎత్తున ఉండాలి? బల్లకు దాదాపు 152 సెంటీమీటర్ల పైన. అంటే నేలకు 2 మీటర్ల 27 సెంటీమీటర్లు. నిచ్చెన ఎక్కాలి. పుస్తకాలను మాత్రం కుర్చీలో కూర్చుని చూసినట్టే గీశాను, వాటి వెన్నులు నిటారుగా, పైభాగాలు సన్నటి పట్టీల్లా ఉన్నాయి. బల్లను నిచ్చెన మీది నుంచీ పుస్తకాలను కుర్చీలోంచీ చూసిన మనిషి వేసిన బొమ్మ అది. ఎటు వాలిందో ఇప్పుడు తెలిసింది. మా అబ్బాయికి జిగురు మాట గుర్తుచేసి ఇదంతా వివరించాను. సగంలోనే లేచి వెళ్లిపోయాడు.

ఇక పెట్టె. టీ-స్క్వేర్‌గారూ, ఇది నా శాఖ అని మీరు గుర్తుచేయకపోయినా సిగ్గుపడేదాన్నే. లంబకోణ శీర్షం నుంచి కర్ణానికి గీసిన లంబం వర్గం, కర్ణంలోని రెండు ఖండాల లబ్ధానికి సమానం. ఏటా బోర్డు మీద రాస్తాను. కర్ణం 28 అయితే ఆ లంబం 14 కంటే ఎక్కువ ఉండటం అసాధ్యం. కంటిని 14 సెంటీమీటర్ల దూరంలో పెట్టి చూడవలసిన బొమ్మను నేను చేయి చాచి, అర మీటరు దూరంలో పట్టుకుని చూస్తూ వంకరగా ఉందని ఏడుస్తున్నాను.

పరీక్షించకుండా ఉంటానా? నూట పన్నెండో పెట్టె తీసి, ఒక కన్ను మూసి, రెండు పాయింట్ల సరిగ్గా మధ్యకు ఎదురుగా, 14 సెంటీమీటర్ల దగ్గరికి ముఖం తీసుకువెళ్లాను. నాకు చత్వారం ఉంది, ఆ దూరంలో అంతా మసక. కానీ ఆ మసకలోనే ముక్కు వెనక్కు వెళ్లిపోయింది! మూల చక్కగా నేల మీద కూర్చుంది. ముఖం వెనక్కు తీస్తే మళ్లీ పొడుచుకు వచ్చింది. ఇలా ఏడెనిమిది సార్లు ముందుకూ వెనక్కూ ఊగాను.

మీ వృత్తం సంగతి కూడా తేలిపోయింది. వ్యాసం కొసలను వృత్తం మీది ఏ బిందువుతో కలిపినా అక్కడ కోణం తొంభై. లోపలి బిందువైతే తొంభై దాటుతుంది, బయటిదైతే తగ్గుతుంది. పెట్టె పై ముఖం ముందు మూల నుంచి బయలుదేరే రెండు అంచులూ ఆ రెండు పాయింట్లకే వెళతాయి కాబట్టి, మూల వృత్తం బయట ఉంటే అక్కడి కోణం లంబకోణం కంటే తక్కువగా వస్తుంది. గదిలో మనం నిలబడి కిందికి చూసే పెట్టెల మూలలు మామూలుగా విచ్చుకునే కనిపిస్తాయి, అందుకే ఇది ముక్కులా తోస్తుంది. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం, అంతే. ముప్ఫై ఒక్క సంవత్సరాలు మీకు ఎవరూ చెప్పని నిరూపణ ఇదేనండి, ఈ విద్యకు నా గురుదక్షిణ అనుకోండి.

ఒక చిక్కు మిగిలింది. 40 సెంటీమీటర్ల దూరం నుంచి చూసే బొమ్మకు, పెట్టెను ముప్ఫై, అరవై డిగ్రీల వాలులో పెడితే, ఒక పాయింటు కంటికి సరిగ్గా ఎదురుగా ఉన్న బిందువుకు 23 సెంటీమీటర్ల దూరంలో, రెండోది 69 సెంటీమీటర్ల దూరంలో పడుతున్నాయి. రెండూ కాగితం బయటే. ప్రతి బొమ్మకూ పక్క బల్లకు మేకు కొట్టలేను కదా?

నీటిరంగు:

టీచరుగారూ, మీ రాత్రి ప్రయోగాలు చదివి చాలా నవ్వుకున్నాను, కొంచెం భయపడ్డాను కూడా. నేను బయట కూర్చుని నీటిరంగుల్లో వీధులు వేస్తాను. ఇరవై నిమిషాల్లో నీడ మారిపోతుంది. మేకులూ దారాలూ పెట్టుకుంటే రంగు కలిపేలోగా పొద్దు గుంకుతుంది.

ముందు ఒక మాట. మీరు కాగితానికి 14 సెంటీమీటర్ల దూరంలో ఊగుతూ కనిపెట్టినదానికి ఆరు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 15వ శతాబ్దం తొలినాళ్లలో బ్రూనెలెస్కి అనే వాస్తుశిల్పి అక్కడి బాప్టిస్టరీ (జ్ఞానస్నాన మందిరం) భవనాన్ని చిన్న పలక మీద చిత్రించి, ఆ పలకకు ఒక రంధ్రం చేశాడు. చూసేవాడు బొమ్మను నేరుగా చూడకూడదు. పలక వెనుక నుంచి రంధ్రానికి కన్ను ఆనించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో దాని ప్రతిబింబాన్ని చూడాలి. ఎందుకంత హడావుడి? కన్ను ఉండవలసిన చోటు తప్ప ఇంకెక్కడా ఉండకుండా కట్టేయడానికే అని నాకనిపిస్తుంది. మీ ప్లాస్టిక్ షీటుకు కూడా పూర్వీకులున్నారు. ఆల్బెర్టి అనే ఇటలీ పండితుడు 1435లో చిత్రకళ గురించి రాస్తూ, దారాలతో గళ్లు నేసిన పలుచని తెరను చట్రానికి బిగించి దానిలోంచి చూసి గీయమన్నాడు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1525లో ప్రచురించిన చెక్క అచ్చు బొమ్మలో ఇద్దరు మనుషులు గోడకు కట్టిన దారాన్ని ఒక చట్రంలోంచి లాగి వీణలాంటి వాద్యాన్ని ఒక్కొక్క చుక్కగా గీస్తుంటారు. అంత గొప్ప చేతి నైపుణ్యం ఉన్నవాడు కూడా కంటిని నమ్మకుండా దారాన్ని నమ్మే పద్ధతి చూపించాడు.

ఇక మీ చిక్కు. టీ-స్క్వేర్‌గారు మేకు గురించి చెప్పింది సత్యం, కానీ ఒక్కసారి కొడితే చాలు. నేనైతే వానిషింగ్ పాయింట్లు వెతకను. పెన్సిలును చేయి చాచి నిలువుగా పట్టుకుని, ఒక గోడ ముందు అంచు ఎత్తునూ దూరపు అంచు ఎత్తునూ పోల్చుకుంటాను: ముందుది మూడైతే వెనుకది రెండు, అలా. క్షితిజ రేఖ కంటి మట్టంలో ఒకటి వేసుకుంటాను. గోడ పై అంచుకు ముందొక చుక్క, వెనుకొక చుక్క పెట్టి కలిపితే ఆ గీత కాగితం బయట ఎక్కడో తన పాయింటుకు తానే పోతుంది. దాన్ని అక్కడిదాకా సాగనంపాల్సిన పని నాకు లేదు. మధ్య గీతలన్నీ ఆ రెండు అంచులను సమభాగాలు చేసి వేసుకుంటాను. కిటికీ ముందు అంచున సగం ఎత్తులో ఉంటే వెనుక అంచున కూడా సగమే.

వరండాలో స్తంభాల ఎడం గురించి మీరు అడగలేదు కానీ, అడిగే రోజు వస్తుంది. మొదటి రెండు స్తంభాలూ కంటికి నచ్చినట్టు వేసుకోండి. స్తంభాల నడిమి ఎత్తుల్ని కలుపుతూ దూరానికి ఒక గీత వేయండి. మొదటి స్తంభం పై కొన నుంచి, రెండో స్తంభం నడుము మీదుగా ఒక వాలు గీత లాగితే అది నేలను తాకిన చోట మూడో స్తంభం. అలాగే నాలుగోది. దీర్ఘచతురస్రం కర్ణాలు మధ్యలో ఖండించుకుంటాయన్నదే దీని వెనుక సూత్రం. మీకు వివరిస్తే తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంటుంది.

మీరు ఇంకా చెప్పని కష్టం ఒకటుంది, గుండ్రటివి. ఆ బల్ల మీద ఒక గ్లాసు పెట్టి చూడండి. అందరూ చేసే తప్పు ఏమిటంటే, గ్లాసు మూతిని రెండు చివర్లా మొన తేలిన బాదం గింజలా వేయడం. ఎలిప్స్‌కు, అంటే ఏటవాలుగా చూసిన వృత్తానికి, మొనలుండవు, చివర్లు కూడా గుండ్రంగా తిరుగుతాయి. ఇంకొకటి, అడుగును తిన్నగా ఒక గీతతో ముగించడం. గ్లాసు బల్ల మీద ఉంది కాబట్టి అడుగు తిన్నగా ఉండాలని బుద్ధి చెబుతుంది. నిజానికి అడుగు కంటి మట్టానికి ఇంకా దూరం, కాబట్టి మూతి కంటే అడుగే ఎక్కువ విచ్చుకుని కనిపించాలి. మీ రెండు సెంటీమీటర్ల బల్లకు తోబుట్టువే ఇది.

పాత టీ-స్క్వేర్:

నీటిరంగుగారు చెప్పింది ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. మేకు కొట్టిన చేయి తరువాత మేకు లేకుండా గీయగలదు. అసలు కొట్టనివారు అంచనాతో గీసినప్పుడు పాయింట్లు రెండూ మెల్లగా కాగితంలోకి వచ్చి కూర్చుంటాయి. చాలామంది వీధి బొమ్మల్లో ఇళ్లన్నీ ఇరుక్కున్నట్టు ఉండేది అందుకే.

టీచరుగారూ, మీ నిరూపణ కాగితం మీద రాసుకుని దాచుకున్నాను. మా పెద్దాయన ఉంటే చూపించేవాణ్ణి.

సుద్దముక్క:

పది రోజుల తరువాత వచ్చాను.

మేకు కొట్టాను. బల్లకు కాదు, పాత ప్లైవుడ్ పలకకు, రెండు చోట్ల. మధ్యలో కాగితం అతికించి, మేకులకు దారాలు కట్టి ఇరవై పెట్టెలు వేశాను. ఒక్కదానికీ ముక్కు లేదు. విచిత్రమేమిటంటే మొదట అవి నాకు చప్పగా, పర్‌స్పెక్టివ్ లేనట్టే అనిపించాయి. వాడి ముక్కులకు అంత అలవాటు పడిపోయాను. పదో పెట్టెకు కన్ను దారికి వచ్చింది. తరువాత దారాలు విప్పి పదిహేను వేశాను. టీ-స్క్వేర్‌గారు చెప్పినట్టే ఎనిమిదో పెట్టె దగ్గర నుంచి పాయింట్లు లోపలికి పాకడం మొదలుపెట్టాయి. మళ్లీ దారం కట్టాను.

వరండా పిల్లలు నేల మీదికి దిగారు. నేను నిలబడి గీశాను. పిల్లలు నా కంటే పొట్టి, కాబట్టి రేఖ వారి తలలకు కొంచెం పైగా పోతోంది. ఎంత పైగా అన్నది దగ్గరి పిల్లవాడి దగ్గర చూసుకుని, అదే నిష్పత్తి అందరికీ పెట్టాను. ఇరవై నిమిషాల్లో పద్నాలుగు మంది.

గ్లాసు మాత్రం నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. చతురస్రం గీసి, పర్‌స్పెక్టివ్‌లో వాల్చి, అందులో వృత్తం ఇమిడ్చాను. వృత్త కేంద్రం కర్ణాలు ఖండించుకున్న చోట ఉంది. ఎలిప్స్ అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోటు మాత్రం అక్కడ లేదు, దానికి కాస్త ముందుకు, మన వైపు ఉంది. తప్పు గీశానేమోనని మూడుసార్లు చెరిపాను. తరువాత తట్టింది: వృత్తంలో మన వైపు సగం దగ్గర కాబట్టి పెద్దగా, అటు సగం దూరం కాబట్టి చిన్నగా కనిపిస్తాయి. ఎలిప్స్ నడిమి గీతకు ఈ సగాల గొడవ తెలియదు, అది రెంటినీ కలిపి తన సగం తాను చేసుకుంటుంది. ఇంతకాలం రెండు కేంద్రాలూ ఒకటే అనుకుంటున్నాను.

ఇప్పుడు కుర్చీ దగ్గర ఆగిపోయాను. నాలుగు కాళ్లూ కూర్చునే పలకా సరిగ్గా వచ్చాయి. వీపు ఆనించే పట్టీలు వెనక్కు వాలి ఉన్నాయి. అవి నిలువూ కావు, అడ్డమూ కావు. ఏ పాయింటుకు పంపినా కుదరడం లేదు.

పాత టీ-స్క్వేర్:

వాటికి పాయింటు క్షితిజ రేఖ మీద ఉండదు. కుర్చీ పక్క అంచులు ఏ పాయింటుకు పోతున్నాయో, దాని మీదుగా నిలువు గీత గీస్తే ఆ గీత మీద ఎక్కడో, రేఖకు చాలా పైనో చాలా కిందో ఉంటుంది. కొద్దిగా మాత్రమే వాలిన పట్టీలైతే ఆ పాయింటు మీ గది పైకప్పు దాటిపోతుంది, దాని జోలికి వెళ్లకండి. కుర్చీ మొత్తానికి ఒక పెట్టె కట్టండి, వాలు ఎంత వెనక్కు పోయిందో అంత వెనక్కు పొడిగించి. పట్టీ అడుగు పెట్టె లోపల ఎక్కడుందో ఒక చుక్క, దాని కొన పెట్టె పై ముఖం మీద ఎక్కడుందో ఒక చుక్క. రెండూ కలపండి. రెండో పట్టీకి కూడా అంతే. తరువాత పెట్టె చెరిపేయండి.

పెట్టెను మాత్రం దారంతోనే కట్టండి.